సంఘం తరఫున నేపాల్ వెళ్ళాం: మొదటి రోజు (2016 నవంబరు 8) ఎలా గడిచిందంటే

బెజవాడ_కరకట్ట:
అందరికీ వందనాలు. మా చర్చి సంఘం యూత్ పిల్లలు ఈసారి నేపాల్ వెళ్తామంటున్నారు, వాళ్ళలో మా అబ్బాయి కూడా ఉన్నాడు. "నాన్నా, అక్కడ దిగాక మొదటి రోజు ఏం చేస్తారు?" అని అడిగాడు. నోటితో చెప్తుంటే ముక్కలు ముక్కలుగా వస్తోంది, అందుకే అప్పటి డైరీ ముందు పెట్టుకుని ఇక్కడ రాస్తున్నా. ఇంకెవరికైనా పనికొస్తుంది.

2015 ఏప్రిల్ 25 భూకంపం గుర్తుండే ఉంటుంది. 7.8 తీవ్రత, దాదాపు 9 వేల మంది పోయారు, అందులో మూడో వంతుకు పైగా ఒక్క సింధుపాల్‌చోక్ జిల్లాలోనే. మేం వెళ్ళింది ఆ జిల్లాకే, ఏడాదిన్నర తర్వాత, ఇళ్ళు కట్టే పనిలో సాయానికి. బయల్దేరింది 12 మందిమి, చేరింది 11. ఒక బ్రదర్ ఆధార్ కార్డు ఒక్కటే తెచ్చుకున్నాడు. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు, నిజమే, కానీ విమానంలో వెళ్ళాలంటే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో ఆపేశారు, ఆయన ఒక్కడే బ్యాగు పట్టుకుని రైల్వే స్టేషన్‌కి వెనక్కి వెళ్ళిపోతుంటే మాకెవరికీ మాట రాలేదు. వెళ్ళే ప్రతివాళ్ళ కార్డులూ నెల ముందే చేతిలోకి తీసుకుని చూడండి, "ఉందన్నా, ఉంది" అంటే నమ్మొద్దు.

7వ తేదీ రాత్రి ఖాట్మండూలో పడుకున్నాం. 8వ తేదీ మంగళవారం, పొద్దున ఆరింటికి మినీ బస్సు. భక్తపూర్, బనేపా దాటి ధులిఖేల్ దగ్గరికి వచ్చేసరికి ఎడమ పక్క మంచు కొండలు వరసగా కనపడ్డాయి, బస్సులో పాటలు పాడుతున్నవాళ్ళు ఆపేశారు. అక్కడి నుంచి దిగుడు, ఇంద్రావతి, సున్‌కోశీ నదులు కలిసే దోలాల్‌ఘాట్ దగ్గర వంతెన, ఆ తర్వాత చౌతారా అనే పట్టణం వైపు ఎక్కుడు. ఊరు చేరేసరికి పదిన్నర. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళకి ఇబ్బంది కావచ్చు, ఎందుకో తర్వాత చెప్తా.

మా మొదటి తప్పు అక్కడే జరిగింది. దారిలో ఒక హోటల్ దగ్గర ఆపి కడుపు నిండా తినేశాం. అక్కడ వాళ్ళు రోజుకి రెండు పూటలే అన్నం తింటారు, పొద్దున పదింటికి ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. మాకోసమని పదింటికే వండి, రేకుల షెడ్డు చర్చిలో చాపలు పరిచి, పళ్ళాలు కడిగి బోర్లించి పెట్టుకుని కూర్చున్నారు. మేమేమో "వద్దండీ, తినేసి వచ్చాం" అన్నాం. మర్యాద అనుకునే అన్నాం. పాస్టరమ్మ ముఖం చూడగానే అర్థమైంది ఎంత పని చేశామో. అప్పుడు కూర్చున్నాం. గుట్టగా అన్నం, మినప్పప్పు, ఆవ ఆకు కూర, ముల్లంగి పచ్చడి. అన్నం అయిపోతుంటే అడక్కుండానే మళ్ళీ పెడతారు, అచ్చం మన ఇళ్ళలో లాగే.

మిగతాది రాత్రికి రాస్తా, షాపు తెరవాలి.

ఏలూరు_అక్క:
తమ్ముడూ, మా స్త్రీల సమాజం వాళ్ళు కూడా వెళ్దామని ఎప్పటినుంచో అంటున్నారు. ఆడవాళ్ళకి పడక, బాత్రూమ్ సంగతి ఏంటి? బట్టలు ఎలాంటివి తీసుకెళ్ళాలి? మొహమాటపడకుండా రాయి.

నర్సమ్మ_గుంటూరు:
ఆ పళ్ళేల సంగతి చదువుతుంటే కడుపులో తిప్పినట్టయింది, ఎందుకంటే నేనూ ఇలాంటిదే చేశాను. ఆఫ్రికాలోని మలావీలో మెడికల్ క్యాంపుకి వెళ్ళినప్పుడు మొదటి రోజు వాళ్ళు న్సీమా పెట్టారు, అంటే మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, మన సంకటి లాంటిదే, చేత్తో చిన్న ఉండ చేసి కూరలో అద్దుకుని తినాలి. మా టీములో ఒకమ్మాయి బ్యాగులోంచి చెంచా తీసింది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ పక్కనున్న పెద్దావిడ తన చేతుల్ని ఒకసారి చూసుకుంది. నేనది చూశాను, ఇప్పటికీ మర్చిపోలేదు.

మా మొదటి రోజు ఇంకో ఘోరం, మందులు రాలేదు. ఏడు అట్టపెట్టెలు, అన్నీ కస్టమ్స్ దగ్గర ఆగిపోయాయి, ముందుగా అనుమతి కాగితం తీసుకోలేదు మేం. కొన్నిటికి గడువు నాలుగు నెలలే ఉంది. దానంగా పంపే మందులకి అక్కడ చేరేటప్పటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది, నర్సుగా నాకది తెలిసి ఉండాల్సింది. క్యాంపుకి 200 మంది పైన వచ్చి చెట్టు కింద కూర్చున్నారు. చేతిలో ఏముంది? రెండు బీపీ మిషన్లు, ఒక షుగర్ మిషన్. అక్కడి క్లినిక్ నర్సు మా దగ్గరికి వచ్చి, మీరు బీపీ చూసి కాగితం మీద రాయండి, ఎవరిని ముందు చూడాలో నేను చూసుకుంటా అంది. సాయంత్రం దాకా ఆవిడ చెప్పినట్టు చేశాం. ఆ 200 మందిలో నిలబడలేనివాళ్ళు ఎవరో, పక్క ఊరి నుంచి నడిచి వచ్చినవాళ్ళు ఎవరో ఆవిడకి పేరు పేరునా తెలుసు.

సూటిగా_అడుగుతా:
నేనూ సంఘంలో ఉన్నవాణ్ణే, తప్పుగా అనుకోవద్దు. 11 మంది విమానాల్లో వెళ్ళి వచ్చిన ఖర్చు ఎంత? ఆ డబ్బు నేరుగా పంపితే వాళ్ళే మేస్త్రీలని పెట్టుకుని కట్టుకునేవాళ్ళు కదా. ఫొటోలు దిగడానికి వెళ్ళే టీములని చాలా చూశాను. మీరు అలాంటివాళ్ళు అనట్లేదు, కానీ లెక్క చెప్పండి.

బెజవాడ_కరకట్ట:
లెక్క చెప్తాను, దాచేదేముంది. మనిషికి 18 వేల లెక్కన 11 మందికి 1,98,000. మన వంద నేపాల్లో 160, అంటే వాళ్ళ డబ్బులో దాదాపు 3 లక్షల 17 వేలు. భూకంపంలో ఇల్లు పోయిన కుటుంబానికి అక్కడి ప్రభుత్వం అప్పట్లో ఇచ్చిన మొత్తం సాయం 3 లక్షలు. అంటే మా ప్రయాణం ఖర్చు ఒక ఇంటి సాయం కన్నా ఎక్కువ. ఇది నాకు వెళ్ళకముందు తట్టలేదు, మొదటి రోజు మధ్యాహ్నం పాస్టర్ గారు ఆ సాయం గురించి చెప్తున్నప్పుడు మనసులో లెక్క వేసుకుంటే తెలిసింది. తర్వాత ఏం మార్చుకున్నామో చివర్లో చెప్తా, ముందు ఆ రోజు సంగతి చెప్పనివ్వండి.

భోజనాలయ్యాక పాస్టర్ గారు ఊరు చూపించారు. అక్కడ శనివారం సెలవు, చర్చిలో ఆరాధన కూడా శనివారమే. భూకంపం వచ్చింది శనివారం, మధ్యాహ్నం 12కి నాలుగు నిమిషాల ముందు. అంటే సరిగ్గా ఆరాధనలో ఉన్న సమయం. నేపాల్లో చాలా చోట్ల చర్చిల్లోనే మనుషులు పోయారు. ఈ ఊళ్ళో కూడా ముగ్గురు. కానీ ఆ రోజు సెలవు కాబట్టి బడులు మూసి ఉన్నాయి, కూలిన బడుల్లో పిల్లలు లేరు. ఆయన ఈ రెండూ ఒకే గొంతుతో చెప్పారు. చర్చి పునాది మీద నిలబడి చెప్పారు, ఆ రాళ్ళ మధ్య బంతి మొక్కలు మొలిచి పూసి ఉన్నాయి. మాలో ఒకరు ప్రార్థన చేద్దామన్నారు, ఎవరికీ గొంతు పెగల్లేదు, ఊరికే నిలబడ్డాం.

ఆ తర్వాత పని దగ్గరికి. మేం గోడలు కట్టడానికి వచ్చాం అనుకుంటున్నాం కదా, మా టీములో ఇద్దరికి తాపీ పని వచ్చు కూడా. ఇల్లు ఒక ముసలావిడది, భర్త లేడు, కొడుకు మలేషియాలో. అందరూ ఆవిడని ఆమా అంటారు, అమ్మా అన్నట్టే. అక్కడి మేస్త్రి, డకర్మీ అంటారు, మమ్మల్ని గోడ దగ్గరికి రానివ్వలేదు. దణ్ణం పెట్టి మరీ వద్దన్నాడు. కారణం ఏంటంటే, ఆ 3 లక్షలు ఒకేసారి ఇవ్వరు. మొదట 50 వేలు, పునాది ఇంజినీరు వచ్చి చూసి సరిగ్గా ఉందంటే లక్షన్నర, తర్వాత లక్ష. రాయి పెట్టే పద్ధతి తేడా వస్తే ఆమాకి రెండో విడత రాదు. ఆ డకర్మీ వారం రోజులు శిక్షణ తీసుకుని వచ్చినవాడు. మరి మేం ఏం చేయాలి? కింద కూలిపోయిన పాత ఇంటి రాళ్ళు ఉన్నాయి, పైకి మోయాలి.

మేస్త్రి_కొడుకు:
అన్నా, రాయి పెట్టే పద్ధతిలో తేడా అంటే ఏంటో ఆయన చెప్పాడా? మా నాన్న పల్నాడులో నలభై ఏళ్ళు రాతి గోడలు కట్టాడు, ఇది చదివి వినిపిస్తుంటే ఆయనే అడగమంటున్నాడు.

బెజవాడ_కరకట్ట:
చెప్పాడు తమ్ముడూ, నాన్నగారికి చెప్పు. పాత ఇళ్ళలో గోడ లోపలి వరస వేరు, బయటి వరస వేరు, మధ్యలో చిన్న రాళ్ళు, మట్టి. ఊగేసరికి రెండు వరసలు విడిపోయి చెరో పక్క పడ్డాయి. ఇప్పుడు గోడ మందం మొత్తానికి పట్టే పొడుగు రాళ్ళు మధ్య మధ్యలో పెట్టాలి, మూలల్లో ఒకదానికొకటి అడ్డంగా పడాలి, ఇంకా కిటికీ కింద, లింటెల్ లెవెల్లో (తలుపుల పైన అడ్డ దూలం ఉండే ఎత్తులో) ఇంటి చుట్టూ బెల్టు వేయాలి, కట్టెతో అయినా సరే. అందుకే మేం మోసే రాళ్ళలో పొడుగువి వేరే కుప్ప పెట్టమన్నాడు. మా తాపీ బ్రదర్స్ ఇద్దరూ ఆ కుప్ప దగ్గర కూర్చుని రాళ్ళు ఏరారు, వాళ్ళ చేతికి తెలుసు ఏది పనికొస్తుందో. ఆ ఒక్క పని మాత్రం మావాళ్ళకి వదిలాడు.

మేస్త్రి_కొడుకు:
నాన్న విన్నాడు. "కొంచెం రాయి, ఎక్కువ మట్టి వేస్తే అంతే, ఆయన చెప్పింది కరెక్టు" అంటున్నాడు. పొడుగు రాయి దొరక్కపోతే ఏం చేశారని అడుగుతున్నాడు.

బెజవాడ_కరకట్ట:
గట్టి కట్టె ముక్క పెట్టొచ్చన్నాడు. మాకు మాత్రం రాళ్ళే దొరికాయి.

లెక్కల_సిస్టర్:
వందనాలు. నేను ఆ ట్రిప్‌లో ఉన్నాను, డబ్బు నా దగ్గరే ఉండేది. అన్న ఒకటి వదిలేశారు, బట్టల మూటలు. ఐదు గోతాలు తీసుకెళ్ళాం (అన్నని అడిగితే నాలుగు అంటారు, కాదు, ఐదు). మన సంఘంలో ఇల్లిల్లూ తిరిగి పోగుచేసినవి, అదనపు లగేజీకి డబ్బు కట్టి మరీ. పాస్టరమ్మ ఒక్కో చీర తీసి, మడత పెట్టి, ధన్యవాద్ ధన్యవాద్ అంటూ లోపల పెట్టడానికి వెళ్ళింది. నేను సాయం పడదామని వెనకే వెళ్ళాను. ఆ గదిలో నడుం ఎత్తు దాకా బట్టలు ఉన్నాయి. ఏడాదిన్నరగా ఎక్కడెక్కడినుంచో వచ్చినవి. చీరలు ఆ కొండల్లో పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళు రోజూ కట్టరు. ఆవిడ నన్ను చూసి సిగ్గుపడింది, నేను ఆవిడని చూసి. ఏం కావాలి అక్కా అని హిందీలో గుచ్చి గుచ్చి అడిగితే, చాలాసేపటికి, ఆడపిల్లలకి నెలసరి ప్యాడ్లు, చర్చి షెడ్డులో రాత్రి వెలుగుకి ఒక సోలార్ లైటు అని చెప్పింది. ఒక్క ఫోను ముందు చేసి ఉంటే ఈ రెండే తెచ్చేవాళ్ళం కదా.

ఏలూరు అక్కా, మీరు అడిగింది: చుడీదారు, పెద్ద చున్నీ, ఒక మంచి శాలువా. నవంబరులో పగలు ఎండ బాగానే ఉంటుంది, రాత్రి గజగజ వణుకు. చర్చిలో చెప్పులు బయట వదిలి నేల మీద కూర్చుంటారు, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మన పల్లెటూళ్ళలో లాగే. పలకరింపు "జైమసీహ్", రెండు చేతులు జోడించి. బాత్రూమ్ ఇంటికి దూరంగా ఉంటుంది, టార్చి లేకుండా కదలొద్దు. మా ముగ్గురు ఆడవాళ్ళం పాస్టరమ్మ గదిలోనే పడుకున్నాం, ఆవిడ తన దుప్పటి మాకు ఇచ్చి తను శాలువాతో పడుకుంది, ఎంత చెప్పినా వినలేదు.

దోహా_నిజామాబాద్:
నాకు చర్చి సంగతులు తెల్వవు, మా ఊళ్ళో అందరం గుడికి పోయేటోళ్ళం. కానీ ఈ పోస్టు చదివి రాయకుండ ఉండలేకపోతున్న. నేను దోహాలో తొమ్మిదేండ్లు పని చేసిన, మా రూముల ఎనిమిది మందిల ఐదుగురు నేపాలీ తమ్ముళ్ళే. భూకంపం వచ్చిన రోజు మాకు పొద్దున్నే, వాళ్ళు డ్యూటీల ఉన్నరు. రెండు రోజులు ఫోన్లు కలవలె. సింధుపాల్‌చోక్ పిల్లగాడు ఒకడు ఉండె, వాళ్ళమ్మ బతికున్నదని మూడో రోజు రాత్రి తెలిసింది, ఫోన్ పట్టుకుని నేల మీద కూసుండిపోయిండు. ఇంటికి పోయి రావాలంటే టికెట్ ఎవరు ఇస్తరు, సెలవు ఎవరు ఇస్తరు? మేమంత తలా ఇంత వేసుకుని పంపినం.

మీరు మోసిన రాళ్ళు మోయాల్సినోళ్ళు అక్కడ దోహాల ఉన్నరు అన్నా. మా నిజామాబాద్, కరీంనగర్ దిక్కు ఊళ్ళల్ల లెక్కనే, ఊళ్ళె ముసలోళ్ళు, ఆడోళ్ళు, పిల్లలు. అందుకే ఆ సూటిగా అడిగిన అన్నకు నేను చెప్తున్న, డబ్బు పంపితే కూలీలు దొరకాలె కదా, ఆ నెలల ఊరంత వరి కోతల ఉంటది.

నేపాలీ నాలుగు మాటలు పిల్లలకి నేర్పి పంపండి: దాయి అంటే అన్న, దీదీ అంటే అక్క, బిస్తారై అంటే మెల్లగ, పుగ్యో అంటే చాలు. ఆఖరిది అన్నం కాడ పనికొస్తది.

బెజవాడ_కరకట్ట:
తమ్ముడూ, నిజంగా వరి కోతల రోజులే. మెట్ల పొలాల్లో పసుపుపచ్చగా ఉంది పంట, ఊళ్ళో కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళంతా పొలాల్లోనే. ఆమా ఇంటి పని ఆగిపోయింది అందుకే. నీ మాట చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. మలేషియాలో ఉన్న ఆమా కొడుకు పేరు కూడా ఆ రోజు నేను అడగలేదు, అడగాల్సింది.

మోత సంగతి. దోకో అని వెదురు బుట్ట, దాన్ని వీపు మీద పెట్టుకుని, నామ్లో అనే పట్టీని తలకి తగిలించుకుని ఎత్తుతారు. బరువంతా తల మీద, మెడ మీద. నేను పట్టీని నుదుటికి బొట్టు దగ్గర తగిలించుకుని లేవబోయాను, మెడ వెనక్కి విరిగినంత పనైంది. ఆమా వచ్చింది. నా చెయ్యి పక్కకి తీసేసి, పట్టీని నుదుటి మీంచి రెండు వేళ్ళు పైకి, జుట్టు మొదలయ్యే చోటికి జరిపింది. తన నడుముకి కట్టుకున్న గుడ్డ కొస చింపి, మడిచి, పట్టీ కింద పెట్టింది. తర్వాత నా గడ్డం కిందికి నొక్కి, ముందుకి వంగమని చూపించి, "బిస్తారై, బాబు, బిస్తారై" అంది. ఆవిడ వేలు గరుకుగా, వెచ్చగా ఉంది. అప్పుడు లేచాను. సాయంత్రం దాకా ఆరు సార్లు మోశాను, మా పక్కన బడి నుంచి వచ్చిన ఒక అమ్మాయి, పద్నాలుగేళ్ళుంటాయి, ఎన్నిసార్లు మోసిందో నేను లెక్కపెట్టలేకపోయాను.

దారి మధ్యలో రావి చెట్టు కింద రాతి అరుగు ఉంటుంది, దాన్నీ చౌతారా అనే అంటారు, మన రచ్చబండ లాంటిది, కానీ దోకో వీపు మీదే ఉంచి ఆనించుకునేంత ఎత్తులో కడతారు. అక్కడ ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు పక్కన చేరి ఏదో మాట్లాడేవాళ్ళు. హిందీ వచ్చినవాళ్ళకి సగం అర్థమవుతుంది. ఆ ఊరి గురించి మాకు తెలిసిందంతా ఆ రాతి అరుగు మీద తెలిసిందే.

దివిసీమ_పెద్దాయన:
నాయనా, ఇవన్నీ చదివాను. మాది నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెనప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. మా ఇంట్లో ఇద్దరు పోయారు, వాళ్ళ గురించి రాయలేను. మూడో రోజునుంచి బయటివాళ్ళు రావడం మొదలైంది. చర్చిలవాళ్ళు వచ్చారు, మిషన్‌వాళ్ళు వచ్చారు, కాలేజీ పిల్లలు వచ్చారు. రొట్టెలు తెచ్చారు, ఉన్ని బట్టలు తెచ్చారు. మంచి మనసుతోనే తెచ్చారు. మాకు కావాల్సింది మంచినీళ్ళు, అగ్గిపెట్టె, ఒక గిన్నె. బావులన్నిటిలోకీ సముద్రపు నీళ్ళు వచ్చేశాయి, పశువులు పడి చచ్చాయి.

ఒక టీమువాళ్ళు మాత్రం వచ్చీ రాగానే మా అమ్మని అడిగారు, అమ్మా ముందు ఏం చేయమంటావు అని. బావి అంది మా అమ్మ. అందులో ఒకాయన చొక్కా విప్పి తాడు కట్టుకుని బావిలోకి దిగాడు. సాయంత్రం దాకా తోడారు. ఆయన పేరు తెలియదు, ఏ ఊరో తెలియదు. ఆయన పైకి వచ్చినప్పుడు ఒళ్ళంతా బురద, మా అమ్మ దగ్గర తుడుచుకోవడానికి ఇవ్వడానికి గుడ్డ కూడా లేదు. ఆ సంగతి అమ్మ పోయేవరకు చెప్పుకునేది. మీ పిల్లలకి ఇది చెప్పు.

ఏలూరు_అక్క:
బాబాయ్ గారూ, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

ఫ్రిస్కో_రాణి:
టెక్సస్‌లో మాది తెలుగు చర్చి. హైస్కూల్ పిల్లలని వేసవిలో నేపాల్ తీసుకెళ్ళాలని ప్లాన్. మొదటి రోజే పిల్లలకి వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి) పెట్టి, నేపాలీ కరపత్రాలు పంచుదామని ఉంది, అనాథాశ్రమం ఒకటి కూడా చూద్దామనుకుంటున్నాం. సలహా చెప్పండి.

బెజవాడ_కరకట్ట:
రాణి గారూ, కరపత్రాలు వద్దు. గట్టిగా చెప్తున్నాను. నేపాల్ రాజ్యాంగంలోనే ఒకరి మతం మార్చే పనిపై నిషేధం ఉంది, 2018 ఆగస్టు నుంచి కొత్త శిక్షాస్మృతి కూడా అమల్లోకి వచ్చింది, ఐదేళ్ళ దాకా జైలు, విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపించేస్తారు. మా టీములో కూడా ఒక బ్రదర్ ఒక కట్ట తెచ్చాడు. ఆ మొదటి రోజే అక్కడి పాస్టర్ గారు ఆయన్ని పక్కకి పిలిచి, ఆ కట్ట తీసుకుని తన పెట్టెలో పెట్టేశారు. "మీరు వారంలో వెళ్ళిపోతారు భయ్యా, తర్వాత పోలీసులు వచ్చేది నా గుమ్మానికి" అన్నారు. ఊరి పేరు రాయనన్నది ఇందుకే. అక్కడివాళ్ళు అడిగితే ప్రార్థన చేయండి, చర్చిలో పాడమంటే పాడండి, అంతకు మించి ఆ పాస్టర్ గారు ఏం చెప్తే అది.

మీ పిల్లలకి అమెరికా పాస్‌పోర్టులు ఉంటే వీసా కావాలి, మనలాగా కాదు. టూరిస్టు వీసా మీద ఏ పని చేయొచ్చో చేయకూడదో ముందే కనుక్కోండి.

నర్సమ్మ_గుంటూరు:
అనాథాశ్రమం గురించి నేను చెప్తాను. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. నేపాల్లో అలాంటి హోముల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువ మందికి తల్లో తండ్రో బ్రతికే ఉన్నారు. చదువు చెప్పిస్తామని ఊళ్ళనుంచి తీసుకొచ్చి, విదేశీయులు చూడడానికి వస్తారని, డబ్బిస్తారని పెట్టుకున్న చోట్లు ఉన్నాయి. అన్నీ అలాంటివి అనను, కానీ ఒక్క రోజు వెళ్ళి చూసొచ్చే మనకి ఏది ఎలాంటిదో తెలియదు. పైగా పిల్లలు ఒక పూటలో మన మెడ చుట్టూ చేతులు వేసేస్తారు, సాయంత్రం మనం బస్సెక్కేస్తాం. వాళ్ళకి ఇది ఎన్నోసారో.

ఫ్రిస్కో_రాణి:
ఇది నాకు నిజంగా తెలియదు అక్కా. మా కమిటీకి ఈ రెండూ ఈ రోజే చెప్తాను.

నెల్లూరు_బాప్టిస్ట్:
చిన్న మాట. తెలుగు సంఘాలు విదేశాలకి మనుషుల్ని పంపడం కొత్తేమీ కాదు. 1903లోనే నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు కుటుంబంతో ఓడెక్కి దక్షిణాఫ్రికా నేటాల్ వెళ్ళారు, అక్కడ చెరకు, తేయాకు తోటల్లో పనికి వెళ్ళిన మన తెలుగు కూలీల కోసం. పంపింది ఇక్కడి తెలుగు బాప్టిస్టులే, దొరలు కాదు. అదే ఏడాది డిసెంబరులో కియర్స్‌నీ తేయాకు తోట దగ్గర సంఘం మొదలైంది. ఆయన వారం ఉండి రాలేదు, 1915లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. దివిసీమ పెద్దాయన గారు రాసింది చదివాక ఇది చెప్పాలనిపించింది.

లెక్కల_సిస్టర్:
అన్నా, రాత్రి సంగతి మీరు రాస్తారా, నేను రాయనా?

బెజవాడ_కరకట్ట:
నువ్వే రాయమ్మా, డబ్బు నీ దగ్గరే కదా.

లెక్కల_సిస్టర్:
సరే. తేదీ చూశారు కదా, 2016 నవంబరు 8. అప్పట్లో మనిషికి 25 వేల దాకా మన 500, 1000 నోట్లు నేపాల్‌కి తీసుకెళ్ళొచ్చు, 2015లోనే ఆ వీలు ఇచ్చారు. అందుకని మేం ఖర్చుల డబ్బంతా, లక్షా పది వేలు, పెద్ద నోట్లలోనే పంచుకుని తీసుకెళ్ళాం. ఖాట్మండూలో కొంచెమే మార్చాం, మిగతాది తర్వాత చూద్దామని.

రాత్రి ప్రార్థన అయ్యాక ఇంటికి ఫోన్ చేద్దామని అందరం ఆ చౌతారా దగ్గరికి వెళ్ళాం, సిగ్నల్ అక్కడే దొరికేది. అక్కడ టైము మనకంటే పావుగంట ముందుంటుంది, ఎనిమిదిన్నర దాటింది. మా ఆయన ఫోన్ ఎత్తగానే "నీ దగ్గర నోట్లేమున్నాయి?" అన్నారు. బాగున్నావా కూడా లేదు. టీవీలో చెప్తున్నారు, అర్ధరాత్రినుంచి 500, 1000 చెల్లవు అన్నారు. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఒక్కొక్కరి ఫోనూ మోగుతోంది, అందరి ఇళ్ళనుంచీ అదే కబురు. చీకట్లో 11 మందిమి టార్చిలు పెట్టుకుని ఆ అరుగు మీద డబ్బు లెక్కపెట్టాం. వంద నోట్లు, నేపాలీ డబ్బు అన్నీ కలిపి వారానికి కాదు, మూడు రోజులకి కూడా సరిపోవు. మర్నాడు అక్కడి కేంద్ర బ్యాంకు, నేపాల్ రాష్ట్ర బ్యాంకు కూడా ఆ నోట్లు మార్చొద్దని చెప్పేసింది.

నేను ఏడ్చాను, దాచుకోను. వాళ్ళకి సాయం చేయడానికి వచ్చి వాళ్ళ మీదే పడ్డామని. పాస్టర్ గారికి చెప్తే ఆయన కాసేపు ఆలోచించి, నన్నూ ఇంకొకరినీ ఊరి దుకాణానికి తీసుకెళ్ళారు. దుకాణం యజమానురాలు, సాహునీ అంటారు, తలుపు వేసేసుకుంది, పాస్టర్ గారి గొంతు విని తీసింది. ఆవిడ మన విశ్వాసంలో ఉన్నావిడ కూడా కాదు, గోడకి దేవుడి పటాలున్నాయి. విషయం విని, చిట్టా పుస్తకం తీసి, కొత్త పేజీ తిప్పి, పైన దేవనాగరిలో "ఇండియాకో చర్చ్" అని రాసింది. కింద 25 కిలోల బియ్యం, పప్పు, నూనె, ఉప్పు. తన సొంత ఇల్లు కూడా అప్పటికి రేకుల కిందే ఉంది. నన్ను సంతకం కూడా అడగలేదు, నేనే పెన్ను తీసుకుని తెలుగులో నా పేరు రాశాను.

సూటిగా_అడుగుతా:
సిస్టర్, ఆ అప్పు ఎలా తీర్చారు?

లెక్కల_సిస్టర్:
వచ్చాక నోట్లు ఎవరివి వాళ్ళం బ్యాంకులో వేసుకున్నాం. డిసెంబరులో ఖాట్మండూ వెళ్ళే తెలిసినవాళ్ళతో వంద నోట్లు పంపాం, సాహునీ పేజీ కొట్టేసి ఫొటో తీయించి పంపింది. పాస్టర్ గారు తన దగ్గర నుంచి ఇచ్చిన 8 వేలు మాత్రం వెనక్కి తీసుకోలేదు, ఆ డబ్బుతో సోలార్ లైటు కొని పంపాం.

బెజవాడ_కరకట్ట:
మీరు అడిగిన ఖర్చు సంగతికి జవాబు ఇది బ్రదర్. ఆ తర్వాత మా సంఘం రెండుసార్లు మనుషుల్ని పంపింది, ఒక్కోసారి నలుగురే, తాపీ పని, వడ్రంగం వచ్చినవాళ్ళు. మిగతా ఏడుగురి ఖర్చు డబ్బుగా పంపాం. మొదటిసారి మేం వెళ్ళడం దండగ అని మాత్రం నేను అనలేను, ఆమా రాళ్ళు పైకి చేరాయి, కోతలయ్యేసరికి డకర్మీకి పని ఆగలేదు. కానీ 11 మంది అక్కర్లేదు, అది ఒప్పుకుంటాను.

సూటిగా_అడుగుతా:
ఇంత వివరంగా చెప్పినందుకు వందనాలు. నలుగురు వెళ్ళి మిగతాది పంపడం అంటే నాకు అభ్యంతరం లేదు. మా సంఘంలో కూడా ఇదే చెప్తాను.

దివిసీమ_పెద్దాయన:
ఆమా ఇల్లు పూర్తయిందా నాయనా?

బెజవాడ_కరకట్ట:
అయింది బాబాయ్ గారూ. మరుసటి ఏడాది మే నెలలో ఫొటో వచ్చింది, లింటెల్ దాకా లేచింది, రెండో విడత డబ్బు పడింది. వానాకాలం ముందు పైన రేకులు వేసేశారు. రెండు గదులు. ఆమా గుమ్మం పక్కన కూర్చుని ఉంది, దోకో పక్కనే బోర్లించి ఉంది.

ఫ్రిస్కో_రాణి:
నాకు అక్కడి ఒక పాస్టర్ గారి నంబరు ఉంది, ఇంతవరకు మేం వచ్చే తేదీలు మాత్రమే మెసేజ్ పెట్టాను. ఏం కావాలో అడుగుతాను. ఏ టైములో చేస్తే మంచిది?

బెజవాడ_కరకట్ట:
వాళ్ళకి సాయంత్రం ఆరు దాటాక చేయండి, పగలు పొలాల్లో ఉంటారు. శనివారం వద్దు, ఆరాధన ఉంటుంది. ఒక్కసారి అడిగితే "ఏమీ వద్దు, మీరు వస్తే చాలు" అంటారు. పాస్టరమ్మతో కూడా మాట్లాడండి.